అమ్మ రెండు మాటలా?

తెర అడుగున ఒక మూల చిన్న అంకె కనిపిస్తూ ఉంటుంది. రాస్తున్నకొద్దీ పెరుగుతుంది, చెరిపేస్తే తగ్గుతుంది. ఎన్ని మాటలయ్యాయో చెప్పడం దాని పని. పత్రికలకి రాసేవాళ్ళకి అది అక్కరకొచ్చేదే. సంపాదకులు ఇచ్చిన చోటెంత, అందులో నేను నింపిందెంత అని చూసుకోవాలి కదా. ఆ అంకె మీద నాకు చాన్నాళ్ళుగా అనుమానం. నాలుగు పేరాలు రాశానో లేదో, వేయి దాటిపోయేది. మొదట్లో మనసులోనే సగానికి సగం తగ్గించుకుని సరిపెట్టుకునేదాన్ని. అలా సరిపెట్టుకుంటున్నానన్న సంగతి కూడా కొన్నాళ్ళకి మరుగున పడింది. ఒక రాత్రి, ఎంతకీ వాక్యం కదలక, ఆ మూలకేసే చూస్తూ ఖాళీ పేజీలో ‘అమ్మ’ అని కొట్టాను. అంకె రెండు చూపించింది. చెరిపేసి ‘తెలుగు’ అన్నాను. మూడు. ‘కిటికీ’ కూడా మూడే. ‘పండగ’ రెండు. ‘పలక’ మాత్రం ఒకటి. పడవ, నడక, గడప కూడా ఒక్కొక్కటీ ఒక్కో మాటే. తలకట్టు తప్ప మరేమీ లేని మాటలు నిలిచాయి. గుడి పడితే చాలు, కొమ్ము పడితే చాలు, ఒత్తో సున్నానో వస్తే చాలు, మాట అక్కడికక్కడ తెగిపోతోంది.

అప్పుడిక వ్యాసం సంగతి మరిచిపోయాను. పోనీలే అనుకుని పడుకోవచ్చు, కాదనను. ఇంకో చోట అతికించి లెక్క చూసుకోవచ్చు. లెక్క తప్పితే కొంపలేమీ మునగవు. అయినా ‘అమ్మ’ని రెండుగా నరికిందన్న సంగతి కంట్లో నలుసైంది. ఎందుకు? అన్న ప్రశ్న ఒకసారి మొదలయ్యాక నిద్ర ఎలా పడుతుంది?

నేను రాసుకునేది ప్రోగ్రాములు రాసే టెక్స్ట్ ఎడిటర్‌లో. పగలు ఉద్యోగమంతా దాని ముందే గడుస్తుంది కాబట్టి చేతికి అలవాటు. రంగులూ హంగులూ లేని ఉత్త అక్షరాలు, నల్లటి నేల, పక్కన వరస అంకెలు. దాని పేరు విజువల్ స్టూడియో కోడ్. మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని విడుదల చేసి, అదే ఏడు నవంబరులో దాని సోర్స్ కోడ్‌ని కూడా బయటపెట్టింది. అందులో ఎవరికి కావలసిన సదుపాయం వాళ్ళు తగిలించుకోవచ్చు. ఆ తగిలింపులే ఎక్స్‌టెన్షన్లు. మాటలు లెక్కపెట్టేదీ అలాంటిదే. ఎవరో ఒకాయన, నాకు తెలియని ఊళ్ళో, తన అవసరానికి రాసుకుని ఊరికే లోకానికి ఇచ్చేశాడు. ఆయన మీద నాకు కోపమెందుకుంటుంది? ఆయనెప్పుడూ ఒక తెలుగు వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని ఉండడు.

మనం తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లన్నీ మన కంప్యూటర్‌లోనే, మన ఫోల్డర్‌లోనే ఉంటాయి. తెరిస్తే చదవగలిగే జావాస్క్రిప్ట్. చాలామందికి ఈ సంగతి తెలిసినా తెరవరు, నేనూ అంతకుముందు తెరవలేదు. తెరిచి చూస్తే కొన్ని వందల పంక్తులు. అందులో మాట అంటే ఏమిటో తేల్చేది ఒకే ఒక్క పంక్తి. మిగతాదంతా ఆ పంక్తి చెప్పినట్టు నడుచుకునేదే. మన దగ్గర తరతరాల వ్యాకర్తలు తలలు పట్టుకున్న విషయం అక్కడ అరంగుళం మేర ముగిసిపోయింది.

ఆ పంక్తిని రెజెక్స్ అంటారు, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. దాని పుట్టుక నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. 1950లలో స్టీఫెన్ క్లీనీ అనే తర్కశాస్త్రవేత్త, నాడీకణాల గణిత నమూనాలు ఎలాంటి వరసల్ని గుర్తుపట్టగలవని ఆలోచిస్తూ ఈ రాతపద్ధతిని కల్పించాడు. అక్షరాలతో, పుస్తకాలతో దానికేమీ సంబంధం లేదు. కెన్ థాంప్సన్ అనే ప్రోగ్రామర్ దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లోకి తెచ్చి, 1968లో ఆ పద్ధతిని ప్రచురించాడు. అప్పటి కంప్యూటర్ల అక్షరలోకం ఎంత? ఆస్కీ పట్టికలో 128 గదులు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, యంత్రానికి కావలసిన కొన్ని సంకేతాలు. అంతే ప్రపంచం. ఆ ప్రపంచంలో ‘మాటలో వచ్చే అక్షరం’ అని చెప్పడానికి ఒక పొట్టి గుర్తు స్థిరపడింది: బ్యాక్‌స్లాష్, పక్కన డబ్ల్యూ. జావాస్క్రిప్ట్‌లో ఈనాటికీ దాని అర్థం మామూలుగా 63 గుర్తులే: చిన్నవీ పెద్దవీ కలిపి 52 ఇంగ్లిషు అక్షరాలు, పది అంకెలు, ఒక అడుగుగీత. ప్రోగ్రాముల్లో పేర్లు పెట్టుకోవడానికి కావలసిన సరంజామా అది, మనుషులు మాట్లాడుకునే మాటల కోసం చేసింది కాదు. ఆ లెక్కన అండర్‌స్కోర్ అనే అడుగుగీత అక్షరమే, మన ‘అ’ మాత్రం కాదు.

ఆ ఎక్స్‌టెన్షన్ పాత వెర్షన్లలో ఈ పొట్టి గుర్తే ఉండేదని మార్పుల చరిత్ర చూస్తే తెలిసింది. అప్పట్లో తెలుగులో పేజీలకి పేజీలు రాసినా అంకె సున్నా దగ్గరే ఉండేదన్నమాట. తర్వాత ఎవరో, బహుశా రష్యన్‌లోనో గ్రీకులోనో రాసుకునేవాళ్ళు, అడిగి ఉంటారు. జావాస్క్రిప్ట్‌కి 2018లో కొత్త సౌకర్యం వచ్చింది. ప్రపంచంలోని లిపుల గుర్తుల్ని జాబితా కట్టిన యూనికోడ్ పట్టికని సంప్రదించి ‘ఏ లిపిలోనైనా సరే, అక్షరమైతే చాలు’ అని చెప్పొచ్చు. ఆయన ఆ మార్పు చేశాడు. సదుద్దేశంతో, ప్రపంచంలోని అందరికీ తలుపు తీస్తున్నాననే అనుకుని ఉంటాడు. రష్యన్ బాగుపడింది, గ్రీకు బాగుపడింది. మన దగ్గరికి వచ్చేసరికి సున్నా కాస్తా రెండింతలు, మూడింతలు అయింది.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లో తొలి వెర్షన్‌లోనే చోటు దొరికింది. మనకిచ్చిన గదులు కూడా 128, కొన్ని ఇప్పటికీ ఖాళీ. అందులో అ నుంచి ఔ దాకా అచ్చులు, క నుంచి హల్లులు ‘అక్షరం’ అనే వర్గంలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ మాత్రం వేరే వర్గం, ‘మార్క్’. ఇందులో అన్యాయమేమీ కనిపించలేదు నాకు. గుడి ఒంటరిగా నిలబడదు, ఏదో ఒక హల్లుని ఆనుకోవాలి. కాబట్టి దానికి వేరే పేరు పెట్టడం సబబే. ‘అమ్మ’ అన్నప్పుడు యంత్రం దగ్గర ఉన్నవి నాలుగు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. పొల్లు అక్షరం కాదు కనుక అక్కడ మాట అయిపోయిందనుకుంది, తర్వాతి ‘మ’తో కొత్త మాట ఎత్తుకుంది. నియమం తప్పు కాదు, నియమాన్ని చదివిన పద్ధతి అసంపూర్ణం. యూనికోడ్‌లోనే ఇంకో లక్షణం ఉంది, గుణింతాల్ని కూడా అక్షరమాలలో కలుపుకునేది. దాన్ని వాడితే ‘తెలుగు’ అతుక్కుంటుంది గానీ పొల్లు అందులో లేదు, ‘అమ్మ’ తెగే ఉంటుంది. ‘మార్క్’ వర్గాన్ని మొత్తంగా చేరిస్తేనే దారి. చదవడానికి ఇంత ఉన్నా, చేతితో కొట్టాల్సింది కొద్ది అక్షరాలే. కొట్టి, సేవ్ చేసి, ఎడిటర్‌ని మళ్ళీ తెరిచాను. ‘అమ్మ’ ఒకటైంది.

ఇంకో సంగతి మనసులో మెదులుతూనే ఉంది. అదే ఎడిటర్‌లో ఏ తెలుగు మాట మీద రెండుసార్లు నొక్కినా మాట మొత్తం చక్కగా ఎంపికవుతుంది, ఎన్ని ఒత్తులున్నా సరే. దానికి తెలుగు గురించి ఎవరైనా నేర్పారా? లేదు. ఖాళీలు, చుక్కలు, కామాలు, కుండలీకరణాల జాబితా ఒకటి దాని దగ్గర ఉంది. వాటి మధ్య ఉన్నదంతా దానికి మాటే. లోపల ఉన్నది ఎవరని అడగదు. ఎక్స్‌టెన్షన్ మాత్రం లోపలికి వెళ్ళి ఒక్కొక్క గుర్తునీ నువ్వు అక్షరానివేనా అని అడిగింది. అడగని చోట మన భాషకి ఇబ్బంది రాలేదు. అడిగిన చోట, అదీ మంచి మనసుతో అడిగిన చోట, సమాధానం సరిగా రాలేదు. ఈ తేడా గురించి నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. అన్ని భాషల్నీ కలుపుకోవాలనుకునేవాళ్ళు ఒక్కోసారి ఏమీ అడక్కుండా ఉండటమే మేలేమో. లేదా అడిగేటప్పుడు సమాధానం చెప్పగలిగినవాళ్ళు పక్కన ఉండాలేమో.

మా పెదనాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సెలవులకి వెళ్ళినప్పుడు ఆ చెక్క కేసుల ముందు నిలబెట్టి చూపించేవాడు. తిరగేసిన సీసపు అక్షరాలు, గళ్ళు గళ్ళుగా. ఇంగ్లిషు కేసు ఒక బల్లంత. తెలుగు కేసులు గోడ పొడుగునా. గుణింతానికొక గడి, ఒత్తుకొక గడి. పెదనాన్న ఏనాడూ మాటలు లెక్కపెట్టలేదు. చేతిరాత కాగితాలు బొటనవేలితో ఒకసారి ఆడించి, ‘రెండు ఫారాలొస్తుంది’ అనేవాడు. ఏదైనా ఒత్తు నిండుకుంటేనో, ఒకటి మిగతావాటి కంటే పొంగి కాగితాన్ని పొడుస్తుంటేనో, ఆకురాయి తీసుకుని కూర్చునేవాడు. రాత్రి భోజనానికి పిలిచినా లేచేవాడు కాదు. ‘చదివేవాడికి కనబడదు కదండీ అన్నగారూ’ అని మా నాన్న ఎప్పుడైనా అంటే, ‘నాకు కనబడుతోంది కదయ్యా’ అనేవాడు. ఆ రాత్రి నాకు ఆ మాటే గుర్తొచ్చింది. నా ఫైలు కూడా చదివేవాళ్ళెవరికీ కనబడదు. అచ్చయిన వ్యాసంలో ఆ అంకె ఉండదు.

ఇంతలో ఇంకో సందేహం. సరిచేశాను సరే, ఇప్పుడు చూపిస్తున్న అంకె మాత్రం నిజమా? ‘రానన్నాడు’ ఒక మాటా, రెండా? ‘చేయాలనుకుంటున్నానని’ని ఎన్ని మాటలనాలి? ఒకరు ‘ఏమిటంటే’ అని రాస్తారు, ఇంకొకరు ‘ఏమిటి అంటే’ అని విడదీస్తారు. అదే వాక్యం ఇద్దరు రాస్తే రెండు లెక్కలు. తాటాకుల మీద గంటంతో రాసిన కాలంలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ విడిచే అలవాటే లేదు. చదివేవాడు చదువుతూ విడదీసుకోవలసిందే. అచ్చు వచ్చాక మనం నేర్చుకున్న ఖాళీ అది. అలాంటప్పుడు ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదాన్ని మాట అనడం కూడా ఒక ఒప్పందమే కదా? కొంచెంసేపు ఈ ఆలోచన నన్ను నిరుత్సాహపరిచింది. ఎటూ తేలని లెక్కకోసం నిద్ర మానుకున్నానా అని. తర్వాత అనిపించింది: ఆ తగువు మనది. సంధి కలపాలా, విడదీయాలా అన్నది తెలుగు రాసేవాళ్ళు తమలో తాము తేల్చుకోవలసింది, తేల్చుకోకపోయినా ఫరవాలేనిది. ‘అమ్మ’ ఒక మాటేనన్న దాంట్లో మాత్రం ఏ ఇద్దరు తెలుగువాళ్ళకీ భేదం లేదు. తెలియక నరికినదాన్ని, మనకి మనం వాదించుకునే విషయంతో కలిపి వదిలేయకూడదు.

అయిపోయిందనుకుని వ్యాసంలోకి తిరిగి వచ్చాక ‘సాఫ్ట్‌వేర్’ దగ్గర అంకె మళ్ళీ రెండు పెరిగింది. ఈసారి కారణం కంటికి కనిపించేది కాదు. ట పొల్లు తర్వాత వ కొడితే రెండూ కలిసి ‘ట్వ’ అయిపోతాయి. అలా కలవకుండా మధ్యలో ఒక గుర్తు పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. చేసేది ఒక్కటే పని, పక్కపక్కనున్న ఇద్దరినీ కలవనివ్వకపోవడం. ఇంగ్లిషు మాటల్ని తెలుగులో రాసేప్పుడు రోజూ వాడుతున్నాం, చాలామందికి వాడుతున్నామని తెలియదు కూడా. యూనికోడ్ లెక్కలో అది అక్షరమూ కాదు, మార్కూ కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో గగ్గోలు పుట్టించిన సంగతి గుర్తుందా? ‘జ్ఞా’లో ఇదే గుర్తుని ఒక ప్రత్యేకమైన చోట ఇరికించి సందేశంగా పంపితే, అందుకున్నవాళ్ళ యాప్ కుప్పకూలిపోయేది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. అప్పుడు ప్రపంచమంతా వార్తల్లో తెలుగు అక్షరం పేరు చదివింది. మన లిపి ఏదో ప్రమాదకరమైనదన్నట్టు. లిపిలో ఏ లోపమూ లేదు. దాన్ని పేర్చే ప్రోగ్రాములో ఒక మూల ఎవరూ వెళ్ళి చూడలేదు.

నా పంక్తిలో ఈ కనిపించని గుర్తుకీ చోటిచ్చాను. అయితే అదొక్కటే ఎక్కడైనా మిగిలిపోయి ఉంటే దాన్ని మాటగా లెక్కపెట్టకూడదు కదా. అందుకని మాట అక్షరంతోనో అంకెతోనో మొదలవ్వాలని, ఆ తర్వాతే మార్కులూ ఈ గుర్తులూ రావచ్చని రాశాను.

నా కంప్యూటర్లో నాకు సరిపోయింది. అక్కడితో ఆపేస్తే? ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్ రాగానే నా మార్పు తుడిచిపెట్టుకుపోతుంది, అదొకటి. దానికంటే పెద్ద కారణం ఇంకొకటి. మన భాషకి ఒకప్పుడు ఇలాంటి చిన్న చిన్న పనులు చేసినవాళ్ళు తమ దగ్గరే ఆపుకుని ఉంటే నేనీ రాత్రి తెలుగులో కొడుతూ ఉండేదాన్నా? రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని పంచిపెట్టారు. పత్రికల సైట్లు ఎవరి ఫాంట్ వాళ్ళు వాడుకుంటూ, ఆ ఫాంట్ లేకపోతే చెత్త అక్షరాలు చూపిస్తున్న రోజుల్లో, ఫైర్‌ఫాక్స్‌కి ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. పేజీ తెరవగానే అదంతా యూనికోడ్ తెలుగైపోయేది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది రాసినవాళ్ళకి కూడా మొదట అదొక చిరాకే అయి ఉంటుంది, తమ పేపరు తాము చదువుకోలేకపోవడం.

చిరాకు సరిచేసుకునే హక్కు గురించి ఆలోచిస్తే రిచర్డ్ స్టాల్‌మన్ కథ తప్పించుకోలేం. ఎమాక్స్ అనే ఎడిటర్ రాసినాయన. 1980 ప్రాంతంలో ఎంఐటీలో వాళ్ళ ప్రయోగశాలకి జిరాక్స్ వాళ్ళ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం తరచూ ఇరుక్కునేది. అంతకుముందున్న ప్రింటర్ ప్రోగ్రాములో ఆయన చిన్న మార్పు చేసి, ఆగిపోతే ఎదురుచూస్తున్నవాళ్ళకి కబురు వెళ్ళేలా చేశాడు. కొత్తదానికి సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ కోడ్ ఉన్న ఒకాయన్ని కార్నెగీ మెలన్‌కి వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడు. ఆ నిరాకరణ స్టాల్‌మన్‌ని వదల్లేదు. ఎవరైనా తెరిచి చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఆయన సిద్ధాంతాలన్నీ నేను ఒప్పుకోను గానీ, ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను: ఇబ్బంది పడుతున్న మనిషికి ఆ ఇబ్బందిని తెరిచి చూసే వీలుండాలి. ఆ రాత్రి ఆ ఫైలు తాళం వేసి ఉంటే, ‘అమ్మ’ ఎందుకు తెగిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. సగానికి తగ్గించుకుంటూ బతికేదాన్ని.

మార్పుని పంపేముందు పరీక్షలు రాశాను. ఒక్క తెలుగే కాక పక్క లిపులు కూడా పాత పంక్తితో చూశాను. వాళ్ళ వాళ్ళ లిపుల్లో కన్నడ అన్న పేరు రెండు మాటలైంది, తమిళ్ రెండు, మలయాళం రెండు, బాంగ్లా రెండు. ఇన్ని కోట్ల మంది భాషల పేర్లు, తమ పేరు తాము పూర్తిగా చెప్పుకోలేకుండా. కొత్త పంక్తితో అన్నీ ఒకటయ్యాయి. థాయ్‌కి మాత్రం ఇది పనికిరాదు. వాళ్ళు మాటల మధ్య ఖాళీ విడవరు, దానికి నిఘంటువు చేతబట్టుకుని విడదీసే పద్ధతి వేరే కావాలి. అది రాయవలసింది థాయ్ చదవగలిగినవాళ్ళు. ఎక్స్‌టెన్షన్ రాసినాయన రెండే అడిగాడు. ఇంగ్లిషు లెక్క ఏమైనా మారుతుందా అని, ఆ కనిపించని గుర్తు ఎందుకని. మారదని పరీక్షలు చూపించాను. ‘సాఫ్ట్‌వేర్’ని ఆ గుర్తుతో ఒకసారి, లేకుండా ఒకసారి రాసి బొమ్మ పంపాను. తెలుగు ఒక్క అక్షరం రాని మనిషి ఆ రెండు బొమ్మల మధ్య తేడా పట్టుకుని, మార్పుని తీసుకున్నాడు. తనకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదన్నాడు.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఎక్స్‌టెన్షన్‌ని వాడే తెలుగువాళ్ళు, కన్నడిగులు, తమిళులు, బెంగాలీలు ఎంతమంది ఉంటారో కదా. వాళ్ళందరూ ఆ అంకెని చూసి ఉంటారు. మన భాషకి ఇంతేలే అనుకుని ఉంటారు. అలా అనుకోవడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఫారంలో మన పేరు సగం విరిగి అచ్చయినా, పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే ఒత్తులు ఊడి వచ్చినా, వెతికితే ఉన్న మాటే దొరకకపోయినా, కంప్యూటర్ అంతే కాబోలు అని సర్దుకుపోతాం. సర్దుకుపోయే గుణం ఇంట్లో మంచిదేమో, ఇక్కడ కాదు. ఎక్కడో కూర్చున్న ఆయనకి మన ఓర్పు కనిపించదు. ఆయనకి కనిపించేది ఫిర్యాదు లేకపోవడం ఒక్కటే.

కాబట్టి మీరు వాడే ఏ ఉపకరణంలోనైనా తెలుగు తెగినా, చెదిరినా, తప్పుగా లెక్కకొచ్చినా, దాన్ని తయారుచేసినవాళ్ళకి రాయండి. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, గొప్ప ఇంగ్లిషూ అక్కర్లేదు. మీరు ఏం కొట్టారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడు ముక్కలూ, ఒక తెర బొమ్మా చాలు.